పై దారం నేరం, బాబిన్‌కు శిక్ష

లాంగ్ ఆర్మ్ మిషను మీద బొంత కుడుతున్నప్పుడు దారం చిక్కుపడితే, ఆ చిక్కు కనిపించేది ఎప్పుడూ గుడ్డ అడుగునే; తప్పు జరిగేది మాత్రం చాలాసార్లు పైన, అందరి కళ్లెదుటే. ఈ సంగతి పసిగట్టగల మనిషి మా కుటుంబంలో ఒక్కరే ఉన్నారనీ, ఆవిడ పుట్టి బుద్ధెరిగి కుట్టుమిషను ముట్టుకోలేదనీ, పైడితల్లి అమ్మవారి పండుగకు విజయనగరంలో మా అన్నయ్య ఇంట చుట్టాలందరూ పోగయ్యేదాకా మాకు తెలియలేదు. అప్పటికే ఏ పాపమూ ఎరగని బాబిన్ కేసుకు, అంటే అడుగు దారం కండెను పట్టుకునే చిన్న డబ్బీకి, జరగవలసిన అవమానమంతా జరిగిపోయింది.

ముందుగా ఆ మిషను సంగతి చెప్పాలి. మా వదిన కంటోన్మెంటు ప్రాంతంలో చాలా ఏళ్లుగా జాకెట్లు కుడుతూ, చీరలకు ఫాల్సులు వేస్తూ, తీరిక దొరికినప్పుడు పాత చీరలతో బొంతలు కుట్టి ఇస్తూ వచ్చింది. చేత్తో కుట్టే బొంతకు వారాలు పడుతుంది, అడిగేవాళ్లా పెరుగుతున్నారు. ఈలోగా కరూరులో దుప్పట్లు ఎగుమతి చేసే యూనిట్టు ఒకటి మూతపడుతోందనీ, అక్కడి లాంగ్ ఆర్మ్ మిషను సెకండ్ హ్యాండులో చవకగా వస్తుందనీ ఎవరో చెప్పడంతో, అన్నయ్య ఒక ఫిక్సెడ్ డిపాజిట్టును గడువుకు ముందే తీసేశాడు. లారీలోంచి దిగిన సామాను చూసి వీధిలో పిల్లలు జెయింట్ వీల్ వచ్చిందనుకున్నారు. పన్నెండు అడుగుల ఇనుప ఫ్రేము, గుడ్డ చుట్టే రోలర్లు, పట్టాలు, ఆ పట్టాల మీద అటూ ఇటూ తిరిగే బరువైన మిషను తల. సూదికీ వెనక స్తంభానికీ మధ్య ఖాళీయే 26 అంగుళాలు. మామూలు మిషనులో మిషను ఒకచోట ఉంటుంది, గుడ్డ కదులుతుంది. ఇందులో గుడ్డ రోలర్ల మధ్య బిగుసుకుని ఉంటుంది, మిషనే పిడులు పట్టుకుని నడిపించిన చోటికల్లా పరుగెడుతుంది. దీన్ని హాల్లో పెట్టాక సోఫా వరండాలోకి వెళ్లింది, టీవీ గోడకు ఇంకా పైకెక్కింది. వంటింట్లోకి పోవాలంటే ఫ్రేము కింది నుంచి వంగి దూరవలసిందే గనుక, ఆ ఇంటికి వచ్చే ప్రతివారూ, ఇష్టమున్నా లేకున్నా, వదినకు శిరసు వంచి నమస్కరించాకే భోజనానికి కూర్చుంటారు.

అన్నయ్య బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. లెక్కలో తేడా ఏ బ్రాంచిలో బయటపడితే ఆ బ్రాంచి మేనేజరే జవాబు చెప్పుకోవాలన్నది ఆయన సర్వీసంతా నమ్మిన సూత్రం. ఆ సూత్రం బ్యాంకులో ఎంతవరకు పనిచేసిందో గాని, కుట్టుమిషను దగ్గర మాత్రం ఆయనను నిలువునా ముంచింది.

ఆ పండుగకు వదిన చేతిలో ఉన్నది మామూలు బొంత కాదు. ఒక పెద్దావిడ తన అత్తగారి నేత చీరలు తెచ్చి, వాటిని ముక్కలు చేసి అతికి, నడుమ దూది పొర పెట్టి, అమెరికా వెళ్లే మనుమరాలికి బొంతగా కుట్టి ఇమ్మంది. దసరా వెళ్లిన తరువాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం; బుధవారం తెల్లవారుజామున అమ్మాయి ప్రయాణం. ఆ చీరలు మళ్లీ దొరికేవి కావు, విమానం ఆగేది కాదు. దానికి ముందు రోజు, సోమవారం తొలేళ్ల వేడుక నాటికి మూడు వంతుల బొంత పూర్తయి, ఇక ఒక అంచూ, ఆ అంచు వెంబడి ఈకల ముగ్గూ మిగిలాయి.

మధ్యాహ్నం మూడింటి వేళ కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. ఊరంతా సీరియల్ లైట్లు కట్టిన రోజుల్లో అది వింత కాదు. మిషను ఎక్కడి కుట్టు అక్కడ ఆపి నిలబడింది. అదే సమయానికి పొందూరు నుంచి మా మేనత్త ఆటో దిగడంతో, వదిన మిషను వదిలి కాఫీ పెట్టడానికి లోపలికి దూరింది. కరెంటు రాగానే చుట్టాల్లో ఎవరో ఉక్కపోస్తోందని ఫ్యాను అయిదులో పెట్టారు. వదిన తిరిగి వచ్చి మీట నొక్కింది. మిషను కదిలింది, ఈకల ముగ్గు సాగింది, పైనుంచి చూస్తే ఏ కుట్టుకూ వంక పెట్టడానికి లేదు. మూరెడు దూరం పోయాక చప్పుడు మారింది. అంతవరకు సన్నగా గొణిగిన మిషను ఒక్కసారిగా గొంతు బరువెక్కి, రెండు మూడు సార్లు దబదబమని, ఆగిపోయింది.

ఆ చప్పుడును మాకంటే ముందు పట్టుకున్నవారు పక్కింటి వయొలిన్ మాస్టారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల మొదలైన ఊరు ఇది. అన్ని ఊళ్లలోనూ గోడలకు చెవులుంటాయి గాని, ఈ ఊళ్లో గోడలకు శ్రుతిజ్ఞానం కూడా ఉంటుంది. మిషను ఆగడానికి ముందే గోడ అవతలి నుంచి, "అమ్మాయీ, తీగ వదులైంది, ఆపెయ్!" అని ఆయన కేక వేశారు. ఎవరూ లక్ష్యపెట్టలేదు. మిక్సీ తిరిగినా, పాలవాడు బెల్లు కొట్టినా ఆయన అదే మాట అంటారు.

మిషను ఆగితే ఆగింది, బొంతను వదలలేదు. గుడ్డ అడుగున దారం ముద్దకట్టి, సూది దిగే నీడిల్ ప్లేటు రంధ్రం గుండా, కింద తిరుగుతూ పై దారాన్ని అందుకునే హుక్కు చుట్టూ బిగుసుకుపోవడంతో, పన్నెండడుగుల ఫ్రేమూ, అందులో బిగించిన బొంతా, మిషను తలా ఏకశిలగా మారాయి. ముందుకు తోస్తే కదలదు, వెనక్కు లాగితే చీరల నేత పిగులుతుందేమోనని భయం. వంటింటికి దారి కూడా అక్కడే గనుక, లోపల చిక్కుకున్న ఇద్దరు పిన్నులు అక్కడి నుంచే సలహాలు మొదలుపెట్టారు.

అన్నయ్య కింద పడుకుని టార్చి వేసి చూశాడు. "దొరికింది," అన్నాడు. "మొత్తం గోల బాబిన్ దగ్గరే ఉంది." ఆ మాటతో విచారణ ముగిసి శిక్ష మొదలైంది. చేయి పట్టినంత మేర దారం తెంపి, బాబిన్ కేసును బయటికి లాగి, దాని చిన్న స్క్రూను ఒక చుట్టు బిగించాడు, చాలలేదనుకుని ఇంకో అర చుట్టు బిగించాడు, కిరసనాయిలుతో కడిగాడు, కొబ్బరినూనె రాయబోతే వదిన చేయి పట్టుకుని ఆపింది. తరువాత పిల్లవాడి సైకిలు పంపు తెప్పించి హుక్కులోకి గాలి కొట్టాడు. దూది పొర కుట్టే మిషనులో నూగు చేరడం సహజం. దాన్ని కుంచెతో బయటికి తీయాలి గాని, గాలి కొడితే అది బయటికి రాకుండా గేర్లలోకి కాపురం మారుతుంది. సగం నూగు అలా లోపలికి వెళ్లింది, మిగతా సగం అన్నయ్య మీసాల్లోకి వచ్చింది. ఇంత జరుగుతుండగానే ఫోనులో వెతికి, ఇటువంటి తిరుగుడు హుక్కుకు అమెరికాలో అలెన్ విల్సన్ అనే ఆయన 1851లోనే పేటెంటు తీసుకున్నాడని మాకు చదివి వినిపించాడు. మా చిన్న పిన్ని వంటింట్లోంచి, "ఆయన్నే ఓసారి రమ్మనరాదూ!" అంది.

గంటస్తంభం దగ్గర దుకాణం ఉన్న దర్జీని పిలిపించారు. తొక్కుడు మిషను మీద ఆయన చేయి తిరిగినవాడే, అందులో సందేహం లేదు. ఆయన సంప్రదాయం ప్రకారం చిక్కుకు రెండే కారణాలు: చక్రం వెనక్కు తిరగడం, సూది తిరగబడటం. ఇక్కడ తొక్కేది లేదు గనుక సూదే దోషి అని తేల్చి, మర వదులు చేసి, సూదిని ఊడదీసి, దాని చదును పక్క కోసం వెతికాడు. ఇంటి మిషను సూదికి పైభాగాన ఒక వైపు చదునుగా ఉంటుంది, అది చూసి పెడితే తప్పు పోదు. లాంగ్ ఆర్మ్ సూది కాడ గుండ్రంగా ఉంటుంది. పొడవాటి గాడి కుట్టేవారి వైపూ, కన్ను దగ్గరి చిన్న పల్లం వెనక హుక్కు వైపూ ఉండేలా కంటితోనే సరిచూసి బిగించుకోవాలి. దర్జీ ఆ సూదిని వేళ్ల మధ్య చాలాసేపు తిప్పి, దేవుడి మీద భారం వేసి బిగించాడు. అంటే ఒక్క జబ్బుతో ఉన్న మిషనుకు సాయంత్రమయ్యేసరికి ఇంకో మూడు జబ్బులు వచ్చాయి.

సరిగ్గా అప్పుడు ఆ పెద్దావిడ, అమ్మవారికి ఘటాలు సమర్పించి వస్తూ, బొంత ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని గుమ్మం ఎక్కింది. మేమంతా ఫ్రేముకు అడ్డంగా నిలబడి పండుగ శుభాకాంక్షలు చెప్పాం. వదిన మాత్రం నవ్వు చెదరనివ్వకుండా, "అయిపోవచ్చిందండీ, ఇంకా మిషను మీద నుంచి దిగలేదు," అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంత హడావుడిలోనూ నోరు మెదపకుండా, దారం కోన్ పక్కన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి మా మేనత్త. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, వంద కౌంటు అంత సన్నటి నూలు వడికిన చేతులవి. కంటికి ఆనని పోగు ఎక్కడ పలచబడుతుందో, ఎక్కడ పురి వదులుతుందో ఆవిడ వేళ్లకు తెలుసు. గ్లాసు కింద పెట్టి, కోన్ నుంచి బయల్దేరిన దారాన్ని చూపుడువేలితో తాకుతూ, గైడ్ల మీదుగా కిందికి వచ్చి, ఒకచోట ఆగింది.

"ఒరే బావూ, దారం ఎక్కడ్నించి వస్తందో సూడకుండా, ఎక్కడ పడిపోయిందో అక్కడే ఎతుకుతావేటిరా? ఇదిగో, దీన్ని పట్టుకున్నోడు నేడు."

పట్టుకోవలసినవి టెన్షన్ బిళ్లలు, అంటే పై దారాన్ని బిగువుగా పట్టి ఉంచే రెండు రేకులు. దారం ఆ రెండు బిళ్లల నడుమ ఉండాలి. మా దారం వాటి ముందు నుంచి, ఏ సంబంధమూ లేని బాటసారిగా, తిన్నగా కిందికి దిగిపోతోంది. కరెంటు పోయి మిషను ఆగినప్పుడు దారం వదులైంది, ఫ్యాను గాలికి ఆ వదులు ఊగింది, నున్నటి పాలియెస్టర్ దారం కావడంతో బిళ్లల నడుమ నుంచి జారి బయటపడింది. వదిన కాఫీ పెట్టి వచ్చేలోపల జరిగిన కథ ఇంతే.

ఆ చిన్న జారుడుకు అంత పెద్ద ముద్ద ఎలా కట్టిందన్నది నాకు ఆ రోజే అర్థమైంది, చెప్పకుండా ఉండలేను. సూది కిందికి దిగి కొంచెం పైకి లేవగానే పై దారం ఒక చిన్న ఉచ్చుగా విచ్చుకుంటుంది. హుక్కు ఆ ఉచ్చును అందుకుని, పెద్దది చేసి, బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. వదిలిన దారాన్ని టేకప్ లీవరు పైకి లాగాలి. అప్పుడే కుట్టు బిగుస్తుంది. అయితే లీవరుకు కింద ఏముందో పైన ఏముందో తెలియదు, ఎటు తేలికగా వస్తే అటు నుంచి లాగుతుంది. పైన బిళ్లలు గట్టిగా పట్టుకుని ఉంటే కింది ఉచ్చు పైకి వస్తుంది. పట్టు లేకపోతే కోన్ నుంచి కొత్త దారం హాయిగా వస్తుంది, కింది ఉచ్చు కిందే ఉండిపోతుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. ఈ రకం హుక్కు ఒక్కో కుట్టుకు రెండు చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 1,800 కుట్లు వేసే వేగంలో అంటే 3,600 చుట్లు. మూరెడు ముగ్గు అయ్యేసరికి అడుగున ఎన్ని ఉచ్చులు పేరుకుంటాయో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. పైన మాత్రం కుట్లు చక్కగానే కనిపిస్తాయి. అందుకే ఏదైనా అనుమానం వస్తే ముందు అడుగున అద్దం పెట్టి చూసుకోవాలని, నా మట్టుకు నేను, ఆ మిషను దగ్గరికి వెళ్లిన ప్రతివారికీ చెబుతుంటాను.

కారణం దొరికింది గాని బొంత ఇంకా బందీగానే ఉంది. అన్నయ్య ఉత్సాహం పట్టలేక గుడ్డ అంచు పట్టి ఎత్తబోయాడు. "నాగకు!" అని అత్త గద్దించిన తీరుకు దర్జీ కూడా తన చేతిలోని టేపు కింద పడేశాడు. అక్కడి నుంచి పని మెల్లగా నడిచింది. పలచటి స్టీలు స్కేలును గుడ్డకూ ప్లేటుకూ నడుమ దూర్చి, స్కేలు పైన ఉన్న చీర భద్రంగా ఉందని చూసుకుని, స్కేలు కిందుగా కనిపించిన పోగుల్ని కుట్లు విప్పే కత్తితో ఒక్కొక్కటే తెంపింది వదిన. నేను కింద పడుకుని టార్చి పట్టాను. మొహం మీద ఎర్ర దారం ముక్కలు రాలుతుంటే తుమ్ము ఆపుకోవడమే నా వాటా శ్రమ. చివరి పోగు టప్పున తెగి గుడ్డ పైకి లేచినప్పుడు, వంటింట్లోని పిన్నులు ఎవరినీ అడగకుండా ఫ్రేము కింది నుంచి దూరి బయటపడ్డారు.

తరువాత ప్లేటు మరలు విప్పారు. హుక్కు చుట్టూ ఒక దారం గాడిలో దూరి కూర్చుంది. దాని మీద ఒక్క బొట్టు మిషను నూనె వేసి, చేతి చక్రాన్ని కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ ఆడిస్తే, కొస బయటికి వచ్చింది; కనుబొమలు తీర్చుకునే పట్టకారుతో వదిన దాన్ని లాగేసింది. గేర్లలోకి పంపు కొట్టిన నూగును తీయడానికి అన్నయ్య గడ్డం గీసుకునే బ్రష్షును స్వాధీనం చేసుకున్నారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు, చెప్పే స్థితిలో లేడు.

సూదిని గాడి ముందుకు వచ్చేలా తిప్పి, పైదాకా ఆనించి బిగించారు. అన్నయ్య బిగించిన బాబిన్ స్క్రూను సరిచేయడం మాత్రం కొంత సేపు పట్టింది. బాబిన్ కేసును దారం కొసతో పట్టుకుని వేలాడదీసి, చేతిని చిన్నగా కుదిపితే, అది తన పోగు పట్టుకుని దిగే సాలీడులా కొద్దికొద్దిగా జారి ఆగాలి. అన్నయ్య బిగింపుకు అది కుదిపినా కదలకుండా వేలాడింది. వదిన కొంచెం వదులు చేస్తే నేల దాకా పరుగెత్తింది. మళ్లీ వెంట్రుకవాసి బిగిస్తే అప్పుడు దారికొచ్చింది.

పై దారాన్ని మొదటి నుంచి ఎక్కించి, బిళ్లల నడుమ అటూ ఇటూ లాగి కుదురుకునేలా చేసి, సూది దగ్గర పట్టి లాగితే ఈసారి ఎదురు లాగింది. ఆ క్షణానికి గోడ అవతలి మాస్టారు స్వయంగా వచ్చారు. సూదికి పైన ఉన్న దారాన్ని చూపుడువేలితో మీటి, చెవి ఒగ్గి, "ఇప్పుడు పలికింది," అన్నారు. మధ్యాహ్నం ఆయన చెప్పింది అక్షరాలా నిజమని అప్పటికి మాకు అర్థమైంది, కాని ఆ మాట ఆయనతో అంటే ఇక మిక్సీ కూడా వేసుకోనివ్వరని అందరమూ మౌనం పాటించాం.

అత్త కోన్ వైపు ఇంకా అనుమానంగానే చూస్తోంది. నున్నటి దారం తనంతట తనే చుట్లు జారి కోన్ అడుగున కుప్పపడుతోంది. ఆ కుప్పలో ఒక చుట్టు పీట కింద ఇరుక్కుంటే ఈసారి తెగడమే. దానికి తొడిగే వల సంచులు విడిగా అమ్ముతారు. అమ్మవారి కోసం తెచ్చిన ఆపిల్ పండ్లకు తొడిగిన తెల్లటి ఫోము వల ఒకటి తీసి, అత్త కోన్‌కు కింది నుంచి లంగాగా తొడిగింది. దారం జారడం మానేసి, పైనున్న గైడు వైపు నిటారుగా లేచింది. ఆ గైడు కోన్ నడిమికి సూటిగా పైన లేదని కూడా ఆవిడే కనిపెట్టి, వంచి సరిచేసింది. ఫ్యాను మాత్రం కట్టేయాలంది. ఆ తీర్పు మీద చుట్టాల నుంచి తీవ్ర నిరసన వ్యక్తమైంది గాని, అప్పీలుకు అవకాశం లేకపోయింది.

కుట్టు మళ్లీ మొదలుపెట్టే ముందు వదిన బొంత పక్కన మిగిలిన గుడ్డ మీద సూదిని ఒకసారి దించి లేపి, పై దారాన్ని లాగి, దాని వెంట వచ్చిన బాబిన్ దారాన్ని పైకి తెచ్చుకుని, రెండు కొసలూ చేత్తో పట్టుకుని నాలుగు కుట్లు వేసింది. మొదట్లో ఆ కొసలను వదిలేస్తే అవే కింద హుక్కులో పడి కొత్త గూడు కడతాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇది చేయాలి, పై దారం కూడా చూసుకోవాలి. ఇవన్నీ అన్నయ్య ఏ4 కాగితం మీద నంబర్లు వేసి రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ఫ్రేముకు అతికించాడు. నంబరు ఒకటి: "అడుగున చిక్కు కనిపించిన యెడల ముందుగా పై దారమును తనిఖీ చేయవలెను." బాబిన్ కేసుకు ఆయన చెప్పిన క్షమాపణ అదేనని నేను అనుకుంటున్నాను.

మూరెడు ఈకల ముగ్గును విప్పడానికి వదినకు రాత్రి పదకొండు దాటింది. ఒకచోట చీర నేత కొద్దిగా విడింది. దాని మీద అదే చీర కొంగు ముక్కతో ఒక చిన్న ఆకు అతికింది. మంగళవారం మేమంతా సిరిమాను చూడటానికి మూడు లాంతర్ల దగ్గరికి వెళ్లి, జనంలో నలిగి, పూజారి కూర్చున్న మాను గుడికీ కోటకూ నడుమ తిరగడం చూసి ఇంటికి వచ్చేసరికి, బొంత మడతపెట్టి సిద్ధంగా ఉంది. పెద్దావిడ దాన్ని విప్పి, నిమిరి, అన్నింటికంటే ఆ ఆకు బాగుందనీ, అడగకపోయినా అంత శ్రద్ధగా వేసినందుకు వంద రూపాయలు ఎక్కువ తీసుకోమనీ అంది. వదిన వద్దనలేదు.

అప్పటి నుంచి ఆ మిషనులో చిక్కు పడలేదు. ఇది వదినకు సంతోషం, అన్నయ్యకు నిరుద్యోగం. ఆయన ఈలోగా భూతద్దం ఉన్న దీపం, వంకర ముక్కు పట్టకారు, మూడు సైజుల కుంచెలు, గుండ్రటి చిన్న అద్దం కొని, అన్నీ పాత బ్యాంకు బ్యాగులో సర్దుకుని కూర్చున్నాడు. ఇంట్లో వాటికి పని లేకపోవడంతో సాయంత్రాలు బ్యాగు తగిలించుకుని దర్జీల దుకాణాలు తిరుగుతున్నాడు; ఎవరి మిషను చూసినా ముందు పై దారం పట్టుకుంటాడు, తరువాత మనిషిని పట్టుకుంటాడు. గంటస్తంభం దర్జీ అయితే వీధి చివర ఆయన బ్యాగు కనపడగానే తన తొక్కుడు మిషను మీద దుప్పటి కప్పేసి, "కరెంటు నేదండి బావూ, రేపు రండి," అంటున్నాడట.